థాయ్‌లాండ్ వివక్ష నిరోధక చట్టానికి బౌద్ధ సూత్రాలు పనికొస్తాయా? ధర్మం ఎవరికి చెబుతున్నామన్నది ముందు చూడాలి

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెప్తాను. మీరు విశాఖలో ఎల్‌ఎల్‌ఎం చేస్తూ థాయ్‌లాండ్ వివక్ష నిరోధక చట్టం మీద థీసిస్ రాస్తున్నారు. "మన దగ్గర అంబేడ్కర్ సమానత్వం కోసం బుద్ధుడి దగ్గరికి వెళ్లారు. అక్కడ జనాభాలో 90 శాతానికి పైగా బౌద్ధులే. మరి బౌద్ధ సూత్రాలతో వాళ్ల చట్టాన్ని బలపరచొచ్చా, లేక మతమే అడ్డం పడుతోందా?" అని అడిగారు.

నేను బ్యాంకాక్‌లో పదకొండేళ్లు ఉన్నాను. కార్మికులకు న్యాయ సహాయం చేసే ఒక చిన్న సంస్థలో పని. ఫిర్యాదులు రాయించడం, ఆఫీసుల చుట్టూ తిరగడం, కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లకు శిక్షణ ఇవ్వడం నా రోజువారీ పని. నేను పాళీ పండితుణ్ని కాను, చూసింది చెప్తాను.

సూటిగా జవాబు: పనికొస్తాయి, కానీ నిర్ణయం తీసుకునే వాడికి చెప్పినప్పుడు మాత్రమే. దెబ్బతిన్న వాడికి చెబితే అవే సూత్రాలు వివక్షకు కాపలా కాస్తాయి. థాయ్ సమాజంలో జరుగుతున్నది ఎక్కువగా రెండోదే. ఉద్యోగం రాని వాడికి ఓర్పు, ఉపేక్ష బోధిస్తారు. "థమ్ జాయ్" అంటారు, అంటే మనసు సర్దుకో అని. ఉద్యోగం ఇవ్వని వాడికి మాత్రం ఎవరూ ఏమీ బోధించరు. నా పదకొండేళ్ల పని చాలా వరకు ఆ బోధనను అవతలి కుర్చీ వైపు తిప్పడమే.

చట్టం సంగతికి ముందు థాయ్ మాటల గురించి కొంచెం చెప్పాలి. తెలుగు తెలిసిన వాళ్లకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. న్యాయం అనడానికి థాయ్ మాట "యుత్తిథమ్", అందులో ఉన్నది ధర్మమే. "పెన్ థమ్" అంటే సమంజసంగా ఉండటం, అక్షరాలా "ధర్మంగా ఉండటం". 2015 నాటి లింగ సమానత్వ చట్టం నిషేధించింది కూడా "ధర్మంగా లేని" భేదభావాన్నే. లింగం అనడానికి ఆ చట్టం వాడే మాట "ఫేత్", అది మన "వేషం" అన్న సంస్కృత పదం నుంచే వచ్చింది. ఇక పక్షపాతం, దురభిప్రాయం అనడానికి థాయ్‌లో రోజూ వాడే మాట "అఖతి". పాళీలో అగతి. పోకూడని దారిలో పోవడం.

నాకు అన్నిటికంటే ఉపయోగపడిన మాట ఈ అగతే. సిగాలోవాద సుత్తం అనే ఉపదేశంలో నాలుగు అగతులు చెబుతాడు బుద్ధుడు: ఛందం (ఇష్టం), దోసం (ద్వేషం), మోహం (తెలియనితనం), భయం, ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని వల్ల తప్పు చేయడం. ఇది ఎక్కడో తాళపత్రాల్లో మిగిలిపోయిన సంగతి కాదు. 1805లో మొదటి రామా రాజు క్రోడీకరించిన మూడు ముద్రల చట్టంలో, ఇంద్రుడు న్యాయమూర్తికి ఉపదేశించినట్టుగా ఉన్న భాగంలో, ఈ నాలుగింటికీ దూరంగా ఉండి తీర్పు చెప్పాలని రాశారు. అంటే నిష్పక్షపాతం అన్న భావన థాయ్ న్యాయానికి పడమటి నుంచి వచ్చిన అప్పు కాదు. "ఇదంతా ఫారిన్ భావజాలం" అని ఎవరైనా అన్నప్పుడు నేను మొదట చూపించేది ఇదే.

అయితే ఒక జాగ్రత్త. ఆ మూడు ముద్రల చట్టం రావడానికి కారణం 1804 నాటి ఒక విడాకుల కేసు. వేరే మగవాడితో సంబంధం ఉన్న స్త్రీ విడాకులు అడిగితే, అప్పటి చట్టం ప్రకారం కోర్టు ఇచ్చేసింది. అది అన్యాయమని రాజుకు అనిపించి పాత చట్టాలన్నీ తిరగరాయించాడు. అగతులు వద్దన్న గ్రంథమే స్త్రీకి ఉన్న ఒక వెసులుబాటును తీసేయాలన్న ఆలోచన నుంచి పుట్టింది. కాబట్టి అగతి సూత్రం నిర్ణయం తీసుకునే తీరును శుభ్రం చేస్తుందే తప్ప, నియమం సరైనదా కాదా అన్నది తేల్చదు. మీ థీసిస్‌లో ఈ తేడా పట్టుకోకపోతే మొత్తం తడబడుతుంది.

ఇప్పుడు ఒక కేసు. బ్యాంకాక్ శివార్లలో ఒక ఫ్యాక్టరీకి శిక్షణకు వెళ్లాను. హెచ్‌ఆర్ మేనేజర్ ఒకావిడ, యాభై ఏళ్లుంటాయి. చేతికి గుడిలో కట్టిన తెల్లదారం, మెడలో బుద్ధుడి తాయెత్తు. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి భిక్షువుల పాత్రలో అన్నం పెట్టాకే డ్యూటీకి వచ్చే మనిషి. మంచి మనిషి, ఇందులో నాకు సందేహం లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆ ఏడాది తిప్పి పంపిన దరఖాస్తులు ఎనిమిది టేబుల్ మీద పెట్టించాను. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి, పైన నాలుగు అగతుల పేర్లు రాశాను. ప్రతి దరఖాస్తుకూ మీరు రాసిన కారణం ఏ గడిలో పడుతుందో చూడండి, ఏ గడిలోనూ పడకపోతే పక్కన పెట్టేయండి అన్నాను.

మొదటి మూడు చకచకా అయిపోయాయి. టైపింగ్ రాదు, దూరం ఎక్కువ, జీతం కుదరలేదు. అవి ఏ గడిలోనూ పడవు. నాలుగోది ఒక ట్రాన్స్ మహిళది, అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టు. ఫోటోలో పొడుగు జుట్టు, గుర్తింపు కార్డులో పేరు ముందు "నాయ్", అంటే శ్రీ. (లింగ మార్పును పత్రాల్లో గుర్తించే చట్టం ఇది రాసే నాటికి అక్కడ లేదు.) కారణం దగ్గర ఒక్కటే మాట, "తగరు" అని. ఏ గడి అని అడిగితే ఏదీ కాదు అన్నారు మేనేజర్. ఎందుకు తగరు? కస్టమర్లు ఏమనుకుంటారో. ఆ సీటుకి కస్టమర్లు వస్తారా? రారు. మరి? ఆడవాళ్ల టాయిలెట్ విషయంలో గొడవ అవుతుందేమో. ఎవరినైనా అడిగారా? లేదు. ఆమె పెన్ను క్యాప్ తీసి, పెట్టి, మళ్లీ తీసి, భయం గడిలో టిక్ పెట్టారు. కాసేపు చూసి, మోహం గడిలో కూడా పెట్టారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఆ అమ్మాయికి ఆ ఉద్యోగం రాలేదు, అప్పటికే ఇంకో చోట చేరిపోయింది. కానీ ఆ ఫ్యాక్టరీ ఫారంలోంచి "తగరు" అన్న మాట పోయింది. తిరస్కరిస్తే పనికి సంబంధించిన కారణం రాయాలని పెట్టుకున్నారు. సెక్షన్ నంబర్లతో రెండు గంటలు చెప్పినా ఆ మార్పు వచ్చేది కాదని నా నమ్మకం. నేను చట్టం గురించి మాట్లాడితే ఆమె లాయర్‌ను పిలిచేవారు. తను రోజూ మొక్కే ధర్మం ముందు కూర్చోబెడితే ఆమెకు తనే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

అసలు అడ్డంకి కర్మ. థాయ్ రోజువారీ మాటల్లో "కమ్" అంటే పోయిన జన్మలో చేసిన పాపం అనే అర్థమే ముందుకొస్తుంది. వైకల్యం, ఎయిడ్స్, పేదరికం, ఆడజన్మ, ట్రాన్స్‌గా పుట్టడం, అన్నిటికీ ఈ ఒక్క జవాబే. వివక్ష చూపిన వాడికి తప్పు చేశానన్న భావన రాదు, పడిన వాడికి ఫిర్యాదు చేయాలన్న ఆలోచన రాదు. ఫిర్యాదులు తక్కువ రావడానికి భయం, ఖర్చుల టెన్షన్‌తో పాటు ఇదీ కారణమని నా అనుభవం.

మా దగ్గరికి ఒక కుర్రాడి కేసు వచ్చింది. బైక్ ప్రమాదం తర్వాత వీల్‌చైర్‌లో ఉంటూ కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసేవాడు. కంపెనీ లిఫ్ట్ లేని బిల్డింగ్‌లో రెండో అంతస్తుకు మారి, "నువ్వే రాజీనామా ఇస్తే మర్యాదగా ఉంటుంది" అంది. కుర్రాడు పోరాడదామన్నాడు, వాళ్ల అమ్మ వద్దంది. ఇదంతా పాత జన్మ రుణం, గుడికి వెళ్లి నీళ్లు ధారపోసి పుణ్యం అర్పిస్తే తగ్గుతుంది అంటుంది. నేను ఎంత చెప్పినా వినలేదు. చివరికి వాళ్ల పేటలోని గుడి పెద్ద భిక్షువు దగ్గరికే వెళ్లాం. ఆయన విని సీవక సుత్తం చెప్పారు. మనిషికి కలిగే బాధలన్నీ పూర్వకర్మ వల్లే అనడం తప్పని బుద్ధుడే అన్నాడు. పిత్తం, కఫం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువుల మార్పు, అజాగ్రత్త, ఇతరులు కొట్టడం, కర్మ, ఇలా ఎనిమిది కారణాలు చెప్పాడు. కర్మ వాటిలో ఒకటి మాత్రమే. తర్వాత ఆమెతో అన్నారు: "యోమ్ (భిక్షువులు భక్తులను పిలిచే మాట), ఆఫీసుకి లిఫ్ట్ లేకపోవడం మీవాడి పోయిన జన్మ కాదు. అది కంపెనీ వాళ్లు ఈ ఏడాది తీసుకున్న నిర్ణయం." ఆమె ఇంటికెళ్లి కొడుకు కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి మర్నాడు మా ఆఫీసుకు తెచ్చి ఇచ్చింది.

మీరు వాసెట్ఠ సుత్తం, వసల సుత్తం ఎలాగూ చదివే ఉంటారు. పుట్టుక వల్ల ఎవరూ హీనుడు కాడు, కర్మ వల్లే అవుతాడు అన్న మాట అక్కడిదే. అక్కడ కర్మ అంటే ఈ చేతులతో చేసే పని. అదే మాటను తిప్పి పుట్టుకే కర్మఫలం అని వాడుతున్నారు. ఈ తిరకాసు మీద ఒక అధ్యాయం రాయొచ్చు.

దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటి ఉంది, దానం. 2007 నాటి వికలాంగుల చట్టం కింద వంద మంది ఉద్యోగులున్న సంస్థ ఒక వికలాంగుణ్ని తీసుకోవాలి. తీసుకోకపోతే నిధికి డబ్బు కట్టాలి, లేదా మరో రకంగా ఉపాధి అవకాశం కల్పించాలి. డబ్బు కట్టేసిన మేనేజర్లను చాలా మందిని చూశాను. వాళ్ల ముఖంలో జరిమానా కట్టిన బాధ ఉండదు, పుణ్యం చేసుకున్న తృప్తి ఉంటుంది. హక్కు దానంగా మారిపోయాక తీసుకునేవాడు దణ్ణం పెట్టాల్సి వస్తుంది, అడిగే వీలు ఉండదు. కరుణ గురించి కంపెనీల్లో ఎక్కువ మాట్లాడకండి అని మా జూనియర్లకు చెప్పేవాణ్ని. కరుణ అనగానే వాళ్లు చెక్‌బుక్ తీస్తారు. మైత్రి, కరుణ, ముదితం, ఉపేక్ష అనే నాలుగు బ్రహ్మవిహారాల్లో, అంటే బౌద్ధం పెంచుకోమనే నాలుగు మనోభావాల్లో, మనకు కావాల్సింది ఉపేక్ష. థాయ్‌లో దాన్ని "పట్టించుకోకపోవడం"గా వాడుతున్నారు గానీ, అసలు అర్థం ఎవరి వైపూ మొగ్గకుండా చూడటం.

ఇక చట్టం. 2017 రాజ్యాంగం సెక్షన్ 27 పుట్టుక, జాతి, భాష, లింగం, వయసు, వైకల్యం, ఆరోగ్య స్థితి, మత విశ్వాసం వగైరా తేడాల వల్ల అన్యాయమైన వివక్ష కూడదంటుంది. 2015 చట్టం ఒక్క లింగ వివక్షకే పరిమితం, కానీ పుట్టుకతో వచ్చిన లింగానికి భిన్నంగా కనిపించే వాళ్లనూ స్పష్టంగా కలుపుకుంది. అన్ని కారణాలకూ వర్తించే ఒకే సమగ్ర చట్టం మాత్రం లేదు. లింగ వివక్ష ఫిర్యాదులు "వో లో ఫో" అని పిలిచే కమిటీకి వెళ్తాయి. కమిటీ ఆదేశం పాటించకపోతే ఆరు నెలల వరకు జైలు లేదా 20,000 బాత్ వరకు జరిమానా, లేదా రెండూ.

అందులో సెక్షన్ 17 రెండో పేరా మీకు కీలకం. మత సూత్రాల ఆచరణ కోసం చేసింది, దేశ భద్రత కోసం చేసింది వివక్షగా లెక్కకు రాదు అని అందులో మినహాయింపు ఉంది. స్త్రీ వివక్ష నిర్మూలన మీద ఉన్న ఐక్యరాజ్యసమితి కమిటీ 2017లో ఈ మినహాయింపును తప్పుపట్టింది. నేను కూడా తీసేయాలనే అంటాను. కానీ ఉన్నంత కాలం దాన్ని ఎలా చదవాలి?

భిక్షుణుల విషయం తీసుకోండి. స్త్రీలకు దీక్ష ఇవ్వొద్దని 1928లో సంఘరాజు (దేశంలోని భిక్షు సంఘానికి పెద్ద) భిక్షువులకు ఆజ్ఞ ఇచ్చాడు, అది ఇప్పటికీ నడుస్తోంది. అందుకే ధమ్మనందా అనే థాయ్ మహిళ 2003లో శ్రీలంక వెళ్లి ఉపసంపద, అంటే పూర్తి భిక్షుణి దీక్ష, తీసుకోవాల్సి వచ్చింది. తన దేశంలో బుద్ధుడి దారిలో నడవడానికి ఒక స్త్రీ సముద్రం దాటాల్సి రావడం నన్ను ఈరోజుకీ బాధిస్తుంది. దీక్ష లేకుండానే తెల్లబట్టలు కట్టి గుళ్లలో ఉండే సన్యాసినులు, మే చీల పరిస్థితి ఇంకా అధ్వానం. ఓటు దగ్గర వాళ్లను సన్యాసులుగా లెక్కేసి హక్కు తీసేస్తారు, బస్సు, రైలు టికెట్ దగ్గర సన్యాసులు కారంటూ రాయితీ ఇవ్వరు. రెండు చోట్లా నష్టం ఆ స్త్రీకే. చియాంగ్ మైలో వాట్ చేదీ లువాంగ్‌లోని నగర స్తంభం మందిరంలోకి స్త్రీలకు ప్రవేశం లేదు, కారణం బహిష్టు అంటారు. బుద్ధుడు చెప్పిన ఏ సూత్రంలో ఉందది? లన్నా, అంటే ఉత్తర థాయ్‌లాండ్ ప్రాంతపు ఆచారం అది.

స్వలింగ జంటల పెళ్లిని గుర్తించే వివాహ సమానత్వం మాత్రం సులువుగా గట్టెక్కింది. 2024 మార్చి 27న దిగువ సభలో 400 ఓట్లు, జూన్ 18న సెనేట్‌లో 130, 2025 జనవరి 23 నుంచి అమలు. థాయ్‌లాండ్ పాటించే బౌద్ధ శాఖ థేరవాదంలో పెళ్లి గృహస్థుల వ్యవహారం. భిక్షువులు వచ్చి పరిత్త (రక్షణ కోసం చదివే పాళీ పాఠాలు) పఠిస్తారు గానీ పెళ్లి చేసేది వాళ్లు కాదు. కాబట్టి సంఘానికి ఇందులో పోయేదేమీ లేదు.

అంబేడ్కర్ పోలిక గురించి అడిగారు. అది గొప్ప పోలికే కానీ తలకిందులుగా ఉంది. 1954 అక్టోబరులో రేడియో ప్రసంగంలో ఆయన స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం తాను బుద్ధుడి నుంచే తీసుకున్నానన్నారు. అయినా అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణలో ఏ సుత్తం మీదా ఆధారపడలేదు. చట్టం 1950లో తన కాళ్ల మీద నిలబడింది, ధర్మదీక్ష 1956లో వచ్చింది. ఇంకో తేడా, మన దగ్గర బౌద్ధం అణగారిన వాళ్లు ఎంచుకున్న మతం. అక్కడ రాజు బౌద్ధుడై ఉండాలని రాజ్యాంగమే చెబుతుంది, థేరవాదాన్ని ప్రోత్సహించడం రాజ్యం బాధ్యత. అధికారం చేతిలో ఉన్న మతంతో సమానత్వం అడిగేటప్పుడు జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

ఎందుకంటే సమానత్వం అడిగే వరసలో బౌద్ధులు కాని వాళ్లూ ఉన్నారు. 2018లో ముస్లింలు ఎక్కువగా ఉండే దక్షిణ ప్రాంతం పట్టానీలో, గుడి స్థలంలో ఉన్న ఒక ప్రభుత్వ బడిలో ముస్లిం అమ్మాయిలు హిజాబ్ వేసుకోవచ్చా అన్న గొడవ అయింది. అక్కడ "మత సూత్రం" అన్న మాట మెజారిటీ చేతిలో ఎలా పనిచేస్తుందో కనబడుతుంది. మతం ఒకటైనంత మాత్రాన కూడా ఒరిగేదేమీ లేదు. 2020 డిసెంబరులో బ్యాంకాక్ పక్కనున్న సముత్ సాఖోన్ రొయ్యల మార్కెట్‌లో కోవిడ్ బయటపడినప్పుడు నిందలు పడ్డ మయన్మార్ కార్మికుల్లో చాలా మంది బౌద్ధులే.

అందుకే ఫిర్యాదు కాగితంలో సుత్తాలు రాయకండి. ఈ తప్పు నేనే చేశాను. మొదట్లో ఒక కార్యాలయానికి ఇచ్చిన ఫిర్యాదులో వాసెట్ఠ సుత్తం మీద ఒక పేజీ రాశాను. అక్కడి అధికారి భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకం నుంచి జవాబిచ్చాడు, దీక్షకు అర్హత లేని వాళ్ల జాబితా చూపించి. అది భిక్షు సంఘంలో చేరిక నియమం, కంపెనీ ఉద్యోగానికి సంబంధం లేదు అని నేను మళ్లీ రాశాను. ఇద్దరం పాళీ వాదించుకుంటుంటే మూడు నెలలు పోయాయి. ఆ మూడు నెలలూ ఫిర్యాదు చేసిన అమ్మాయి జీతం లేకుండా కూర్చుంది. ఆ తర్వాత నుంచి ధర్మం శిక్షణ గదిలో, గుడి అరుగు మీద. ఫిర్యాదులో తేదీలు, కాగితాలు, సెక్షన్లు, అంతే.

మీ థీసిస్‌కి ఒక సలహా. సెక్షన్ 17ను అనువాదంలో చదివి వదిలేయకండి, థాయ్ మూలం చూడండి. అక్కడ ఉన్న మాట "లక్ కాన్ థాంగ్ సాత్సనా", మత సూత్రాలు అని. ఆచారం అనడానికి "ప్రఫేనీ" అనే వేరే మాట ఉంది, చట్టం దాన్ని అక్కడ వాడలేదు. కాబట్టి మినహాయింపు కోరే వాడు అది ఏ సూత్రమో, ఎక్కడ ఉందో చూపించాలి, "మా దగ్గర ఎప్పటి నుంచో ఇలాగే" అంటే చాలదు అని వాదించొచ్చు. సుత్తాలు చట్టం లోపలికి రావాల్సిన చోటు ఏదైనా ఉంటే అది ఇదొక్కటే, అదీ అవతలి వాడు మతాన్ని అడ్డం పెట్టుకున్నప్పుడే. రాజ్యాంగం సెక్షన్ 27లో ఇలాంటి మత మినహాయింపు లేదన్నది కూడా పక్కన పెట్టుకుని చదవండి. కమిటీ నిర్ణయాలు చదివేటప్పుడు, ప్రతి దాంట్లో యజమాని చెప్పిన కారణాన్ని నాలుగు గడుల కాగితం మీద వేసి చూడండి. నా దగ్గరున్న ఖాళీ కాగితం నమూనా కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.